మెట్ల దాకా

పెద్దాయన పోయిన నెలకు సంస్మరణ సభ పెట్టాలని అందరికన్నా ముందు అన్నది ఆయన అల్లుడు. అని ఊరుకోలేదు. హాలు తనే మాట్లాడాడు, కుర్చీలు తనే తెప్పించాడు, మైకువాడితో తనే బేరమాడాడు, ఆఖరికి హాలు గోడలకు తన షాపు డబ్బాలతోనే రంగు వేయించాడు. బ్యాంకుకు సరిగ్గా ఎదురుగా ఉన్న రంగుల షాపు అతనిది. అందుకే ఊళ్ళో అందరూ అతన్ని రంగులాయన అంటారు. ముఖం మీదే అంటారు. అతనూ ఏమీ అనుకోడు. బోర్డు మీద రాయించుకున్న పేరుకన్నా జనం నోట పడ్డ పేరే వ్యాపారానికి మంచిదని అతని లెక్క.

పెద్దాయనంటే బ్యాంకు పెద్దాయన. ఊళ్ళో మొదటి బ్యాంకు ఆయన పెట్టిందే. పట్టణాభివృద్ధి సంఘానికి ఊపిరున్నంత కాలం ఆయనే అధ్యక్షుడు. కుళాయిల్లో నీళ్ళు రావడం, లైబ్రరీకి పైకప్పు పడటం, ఆస్పత్రిలో పిల్లలకు వేరే వార్డు, బస్సు కోసం వానలో నిలబడేవాళ్ళకు తలదాచుకునే చోటు, అన్నిటి వెనకా ఆయన అరగదీసిన చెప్పులున్నాయి. ఎక్కడా రాయి మీద పేరు చెక్కించుకోలేదు. ఎవరైనా అడిగితే, "పేరు రాస్తే ఏడాదికోసారి దానికి రంగు వేయించాలి, మా అల్లుడు బిల్లు పంపుతాడు" అని నవ్వేవాడు. ఆ మాటకు అందరికన్నా గట్టిగా నవ్వేది అల్లుడే.

అల్లుడు ఆ ఊరివాడు కాదు. పెళ్ళయ్యాక వచ్చి మామగారి ఊళ్ళో షాపు పెట్టుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పేసుకోవాలి. ఎవరికి ఆపదొచ్చినా ముందు పరిగెత్తేది అతనే. కాకపోతే తను పరిగెత్తుతున్నట్టు నలుగురికీ తెలిసేలా పరిగెత్తుతాడు. మైకు కనబడితే గొంతు సవరించుకోవడం, ఫొటో తీస్తుంటే మధ్యకు జరగడం అతని చేతిలో ఉన్న పనులు కావు. కళ్ళు రెండూ భేషుగ్గా పనిచేస్తాయి. చూసినదానికి అర్థం మాత్రం తనకు నచ్చింది చెప్పుకుంటాడు.

షాపులో అతను కూర్చునే చోటు నుంచి బ్యాంకు మెట్లు బాగా కనబడతాయి. మెట్ల పైన వాకిలి, వాకిలి పక్కన పెద్దాయన అద్దాల గది. అప్పు కోసం వచ్చినవాళ్ళు ఆ గదిలో కూర్చుని బతిమాలుకుంటుంటే, రంగులాయన డబ్బాల మీద దుమ్ము దులుపుతూ అంతా చూసేవాడు. లోపల ఏమన్నారో వినబడదు. కొందరు చేతిలో కాగితాలు పట్టుకుని వాళ్ళంతట వాళ్ళే గబగబా దిగి పోయేవాళ్ళు. కొందరికి మాత్రం ఆ అదృష్టం దక్కేది. పెద్దాయన స్వయంగా లేచి, వాళ్ళ భుజం మీద చెయ్యి వేసి, పిల్లల చదువులడుగుతూ మెట్లన్నీ దిగి వచ్చి, వీధి వీధంతా చూస్తుండగా చెయ్యి కలిపి, వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆఖరి మెట్టు మీద నిలబడేవాడు. దాని అర్థం రంగులాయనకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. పెద్దాయన కుర్చీ దిగి సాగనంపాడంటే వాడి పంట పండినట్టే.

అతని పంట కూడా ఒకసారి పండింది. కిందటేడు ఒకరోజు ధైర్యం చేసి బ్యాంకుకే వెళ్ళి మామగారి ఎదుట కూర్చున్నాడు. ఇంట్లో అడగడానికి మొహమాటపడ్డాడు. "మామయ్యా, మీకు వయసు మీద పడుతోంది. సంఘం బరువు ఇక నా మీద పెట్టండి. అధ్యక్షుడిగా నా పేరు మీరే చెబితే ఎవరూ కాదనరు" అన్నాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అంతా విని, "నువ్వు కష్టపడతావు, అది నాకు తెలుసు. సమయం రానీ" అన్నాడు. అని లేచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. మెట్లు దిగడమే కాదు, రోడ్డు కూడా దాటి, షాపు గుమ్మం దాకా వచ్చి దింపి వెళ్ళాడు.

రోడ్డు దాటి రావడం అంతకు ముందు ఎవరికీ జరగలేదు. ఆ సంగతి రంగులాయన చెప్పని మనిషి లేడు. బ్రష్షు కొనడానికి వచ్చినవాడికి కూడా బ్రష్షుతో పాటు అది కట్టి ఇచ్చేవాడు. విన్నవాళ్ళంతా తలూపి, "అవునండీ, చూశాం. పెద్దాయన బావున్నారా?" అని అడిగేవాళ్ళు. ఊరికి తన మామగారి ఆరోగ్యం మీద ఎంత బెంగో అనుకుని మురిసిపోయేవాడు.

ఇప్పుడు పెద్దాయన లేడు. సంఘానికి కొత్త అధ్యక్షుణ్ణి సభ ఆఖరున అనుకుందామని కార్యదర్శి మందుల షాపాయన అన్నాడు. రంగులాయనకు అది చాలు. ఊరు తనను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలంటే, సభ అలాంటిలాంటి సభ కాకూడదు. పెద్దాయన వల్ల బాగుపడ్డవాళ్ళందరినీ వేదిక మీద వరసగా నిలబెట్టాలి. ఎవరెవరో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. మెట్లు దిగి సాగనంపినవాళ్ళు ఒక్కొక్కరూ అతని కళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళందరికీ ఇత్తడి రేకు తాపిన జ్ఞాపికలు చేయించాడు. రేకు మీద, "పెద్దాయన చేయూతతో ఎదిగినవారికి" అని చెక్కించాడు.

"ఎవరెవర్ని పిలుస్తున్నారు?" అని భార్య అడిగింది.

"అది చెప్పను. నీకూ మీ అమ్మకూ అక్కడే తెలియాలి. చూసి ఆశ్చర్యపోవాలి."

"నాన్నకు ఇలాంటివి ఇష్టం ఉండేవి కాదండీ. నాలుగు మంచి మాటలు చెప్పి, అందరికీ టీ ఇచ్చి పంపండి."

"మీ నాన్న చేసింది చెప్పుకోలేదు. మనం కూడా చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?" అన్నాడు.

పిలవడానికి తనే ఇంటింటికీ వెళ్ళాడు. ఫొటో స్టూడియో ఆయన కెమెరా అద్దం తుడుస్తూ, "నన్నెందుకండీ?" అన్నాడు.

"మిమ్మల్ని కాకపోతే ఎవర్ని? నేను కళ్ళారా చూశాను. మెట్ల కిందికి వచ్చి మరీ మీ చెయ్యి పట్టుకున్నారు."

"చూశారా," అన్నాడు స్టూడియో ఆయన. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

సైకిల్ షాపు తాత ట్యూబును నీళ్ళలో ముంచి చిల్లి ఎక్కడుందో చూస్తున్నాడు. చెప్పినదంతా తల ఎత్తకుండా విని, "మీ అత్తగారికి తెలుసా బాబూ?" అని అడిగాడు. తెలియదు, అక్కడే చూస్తారని చెబితే, "అయితే సరే" అన్నాడు. ఎందుకన్నాడో ఆ రోజు రంగులాయనకు తట్టలేదు. తట్టే మనిషైతే ఈ కథే లేదు.

లాండ్రీ అక్క సంగతి వేరు. ఆమెకు మాట దాచుకోవడం తెలియదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"రాకపోతే?"

"రాకపోతే ఎలా అక్కా? అక్క ఎందుకు రాలేదని ఊరంతా అడుగుతుంది."

"అదీ నిజమే," అంది ఆమె. మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది.

అందరిలోనూ ఎంత వినయమో అనుకుంటూ ఇంటికొచ్చాడు. మామగారి చెయ్యి తగిలినవాళ్ళకు ఆయన గుణమే అబ్బిందని భార్యతో చెప్పి మెచ్చుకున్నాడు.

సభ నాటికి హాలు నిండిపోయింది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి కిందికి దిగడం లేదు. వేదిక మీద పెద్దాయన ఫొటో, దాని పక్కన బల్ల మీద జ్ఞాపికలు. ముందు వరసలో అత్తగారు, ఆమె పక్కన భార్య. పక్క వరసలో పిలిచినవాళ్ళు కూర్చున్నారు. అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఆస్పత్రిలో చీటీ తీసుకుని కూర్చున్నట్టు కూర్చున్నారు.

మందుల షాపాయన క్లుప్తంగా మాట్లాడి కూర్చున్నాడు. లైబ్రరీ పంతులమ్మ మాట్లాడింది. పైకప్పు కారుతున్న రోజుల్లో పెద్దాయన గొడుగు వేసుకుని వచ్చి పుస్తకాలను ఒక మూల నుంచి ఇంకో మూలకు మోశాడని చెప్పి కళ్ళు ఒత్తుకుంది. జనం కూడా ఒత్తుకున్నారు. అక్కడితో ఆపి ఉంటే అంతకన్నా మంచి సభ ఆ ఊళ్ళో జరిగి ఉండేది కాదు.

రంగులాయన మైకు అందుకున్నాడు.

"మా మామయ్య ఎంతమందికి జీవితం ఇచ్చాడో మీ అందరికీ తెలుసు. కాని ఆ ఎంతమంది ఎవరో ఈ రోజు మీ కళ్ళతో చూడబోతున్నారు," అన్నాడు. "బ్యాంకు మెట్ల దాకా ఆయన ఎవర్ని సాగనంపాడో, వాళ్ళని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాను."

హాలంతా చప్పుడు ఆగిపోయింది. ఊరు ఊపిరి బిగబట్టిందని అతను సంతోషపడ్డాడు. బిగబట్టిన మాట నిజమే.

స్టూడియో ఆయన వచ్చాడు. జ్ఞాపిక తీసుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఫొటోలకు అందరినీ నవ్వమనే మనిషికి ఆ రోజు నవ్వు రాలేదు. "పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టు ఉంటుంది," అన్నాడు. ఇంకేదో అనబోయి, అనకుండా వెనక్కు వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. జనం మెల్లగా చప్పట్లు కొట్టారు.

రంగులాయనకు అది చప్పగా అనిపించింది. తర్వాత సైకిల్ తాతను పిలిచి, ఆయన చేతిలో మైకు పెట్టి, తను పక్కనే నిలబడ్డాడు.

"ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడారు," అన్నాడు తాత. "నేను అంతకు ముందు అలాంటి కుర్చీలో కూర్చోలేదు." ఆగిపోయాడు.

"అది సరే తాతా, అప్పు సంగతి చెప్పండి," అన్నాడు రంగులాయన మైకులో వినబడేలా. "ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు? సిగ్గుపడకండి. అందరూ మనవాళ్ళే."

తాత అతని వైపు చూశాడు. మెకానిక్కు చేతులు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో నలుపు పోదు. ఆ చేతులతో మైకును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. వెనక వరసల్లో ఎవరో దగ్గారు. ముందు వరసలో అత్తగారు ఒడిలోని చేతులు చూసుకుంటోంది.

"అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చారు బాబూ," అన్నాడు తాత.

అప్పుడు చప్పట్లు మోగాయి చూడండి, కొత్తగా వేసిన రంగు రాలుతుందేమో అన్నంతగా మోగాయి. మందుల షాపాయన అయితే లేచి నిలబడి కొట్టాడు. సభ తన చేతిలోకి వచ్చేసిందనుకున్నాడు రంగులాయన. అధ్యక్షుడి కుర్చీ తన కింద మెత్తగా తగులుతున్నట్టే ఉంది. ఆ ఊపులోనే అత్తగారు చెయ్యి ఊపి పిలవడం చూసి, ఆనందం పట్టలేక పిలుస్తోందనుకుని వేదిక దిగి వెళ్ళి ఆమె పక్కన వంగాడు.

"వీళ్ళని పిలవమని మీకెవరు చెప్పారు బాబూ?" అంది ఆమె, పక్కవాళ్ళకు వినబడనంత మెల్లగా.

"ఎవరూ చెప్పలేదత్తయ్యా. నేనే చూసి గుర్తుపెట్టుకున్నాను. మామయ్య మెట్లు దిగి సాగనంపినవాళ్ళు."

"అప్పు దొరికినవాళ్ళ కోసం ఆయన ఏనాడైనా కుర్చీలోంచి లేచాడా?"

అతనికి అర్థం కాలేదు.

"దొరికినవాళ్ళ చేతిలో కాగితాలుంటాయి. సంతోషంగా వాళ్ళంతట వాళ్ళే పోతారు. లేదని చెప్పాల్సి వచ్చినవాళ్ళతోనే ఆయన కిందికి దిగేవాడు. ఒట్టి చేతులతో దిగేవాణ్ణి వీధంతా చూస్తుంది కదా, పక్కన నేనుంటే నా ముఖం చూస్తారు, వాడి ముఖం చూడరు అనేవాడు."

రంగులాయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"మరి ఊళ్ళో వాళ్ళకు ఈ సంగతి..."

"మొదట్లో తెలియదు. ఆయనతో కలిసి దిగాడంటే అప్పు దొరికిందనుకుని కొట్లవాళ్ళు అరువిచ్చేవాళ్ళు. కొందరు దాంతోనే నిలదొక్కుకున్నారు. తర్వాత్తర్వాత అందరికీ తెలిసింది. తెలిసినా తెలియనట్టే ఉన్నారు. దిగినవాణ్ణి అప్పు ఇచ్చారా అని ఎవరూ అడగరు, పెద్దాయన బావున్నారా అని అడుగుతారు. రేపు ఎవరి వంతో ఎవరికి తెలుసు? తెలియంది మీ ఒక్కరికే బాబూ."

"అలాంటప్పుడు వీళ్ళెందుకు వచ్చారు?"

"రాననాలంటే ఎందుకు రానో చెప్పాలి కదా."

"అయితే మామయ్య నన్ను..." అని మొదలుపెట్టి ఆగాడు. అత్తగారు తల దించుకుంది. పక్కన భార్య చేతిసంచీ కొక్కేన్ని తీస్తోంది, పెడుతోంది, మళ్ళీ తీస్తోంది. అతని వైపు చూడలేదు.

తల కొట్టేసినట్టయింది అతనికి. రోడ్డు దాటి మరీ వచ్చాడని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. రోడ్డు దాటి మరీ కప్పాల్సినంత పెద్ద తిరస్కారం అన్నమాట అది. మెట్ల దగ్గర వదిలేస్తే అల్లుడి ముఖం వీధిలో ఎవరైనా చూస్తారేమోనని ఆ ముసలాయన ఎండలో రోడ్డు దాటాడు. ఆ సంగతి తను చెబుతున్నప్పుడల్లా తలూపి, పెద్దాయన బావున్నారా అని అడిగినవాళ్ళంతా ఇప్పుడు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ముఖం మీద నవ్వలేదు. వెనకాలైనా నవ్వుకున్నారో లేదో తెలియదు. నవ్వుకుని ఉంటే బావుండుననిపించింది అతనికి. జాలిపడి ఉంటారేమో అనుకుంటే ఒళ్ళు చచ్చిపోతోంది.

తన సంగతి అలా ఉంచితే, వేదిక మీద గోడకు ఆనుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు. చేతుల్లో ఇత్తడి రేకులు మెరుస్తున్నాయి. వాళ్ళకు ఒకప్పుడు లేదు అన్నారు. ఆ లేదు అన్న మాటను ఒక మనిషి తన జీవితమంతా చేత్తో కప్పి ఉంచాడు. ఆయన ఫొటో పెట్టి, ఆయన పేరు చెప్పి, ఆయన అల్లుడు మైకు పెట్టి మరీ దాన్ని విప్పి చూపించాడు. సిగ్గుపడకండి అని కూడా అన్నాడు.

పక్క వరసలో ఇంకా కొందరున్నారు. బల్ల మీద వాళ్ళ పేర్లతో జ్ఞాపికలున్నాయి. ఇక్కడితో ఆపేద్దామా? ఆపితే ఎందుకు ఆపాడని అందరూ ఆలోచిస్తారు, అందరికీ తెలిసిన సంగతి అందరి ముందూ తెలిసిపోతుంది. పోనీ మైకులోనే క్షమించమని అడుగుదామా? దేనికి క్షమించాలో చెప్పకుండా ఎలా అడగాలి? దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. నోరు తెరవడానికి లేదు, మూసుకోవడానికి లేదు.

వేదిక ఎక్కాడు. మిగిలినవాళ్ళను పిలిచాడు. "వీళ్ళంతా మా మామయ్యకు కావలసినవాళ్ళు," అని మాత్రం అన్నాడు. అప్పు మాట ఎత్తలేదు. జ్ఞాపిక ఇచ్చేటప్పుడు రేకు మీద అక్షరాలు జనానికి కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి ఇచ్చాడు. ఎవరి చేతికీ మైకు ఇవ్వలేదు. వరసలో ఉన్న ప్రింటింగు ప్రెస్సాయన ఊరట పడినట్టు తీసుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఆఖరున లాండ్రీ అక్క. ఆమె జ్ఞాపిక తీసుకుంది. తీసుకుని, చెయ్యి చాపి, మైకు కూడా తీసుకుంది.

రంగులాయన మైకు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. కుండ బద్దలు కొట్టే మనిషి, ఇప్పుడు కొట్టేస్తుంది. తనొక్కడి కుండ అయితే పోనీ, గోడ పక్కన నిలబడ్డ అందరివీ బద్దలవుతాయి.

"ఇస్త్రీ చేసే చేతికి మైకు బరువుగా ఉంది," అంది అక్క. కొందరు నవ్వారు. "పెద్దాయన గురించి అందరూ చెప్పారు. ఆయన నన్ను పొమ్మనలేదు, కూడా వచ్చారు. నాకు అదే జ్ఞాపకం." ఆమె రంగులాయన వైపు తిరిగింది. "ఇంత ఏర్పాటూ చేసిన ఈ బాబును ఎవరూ ఏమీ అనలేదే. అందరికన్నా ఎక్కువ దూరం ఈయన్నే కదా సాగనంపారు. మమ్మల్ని మెట్ల దాకే. ఈయన్నయితే రోడ్డు దాటించారు. ఈయనకు జ్ఞాపిక లేదా?"

అక్క ముఖంలో వెటకారం ఉందేమోనని అతను వెతికాడు. కనబడలేదు. వెటకారం ఉన్నా బావుండేది, కోపం తెచ్చుకునేవాడు.

గోడ పక్కన సైకిల్ తాత కాస్త జరిగాడు. స్టూడియో ఆయన కూడా జరిగాడు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు అయింది. "ఇటు రండి బాబూ," అన్నాడు తాత.

అతను వెళ్ళి ఆ వరసలో నిలబడ్డాడు. ఎప్పుడూ మధ్యలోనే నిలబడాలనుకునే మనిషికి ఆ రోజు మధ్యలోనే చోటు దొరికింది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళ ముఖాలు చూసే ధైర్యం లేక అతను ఎదుటి గోడకు వేయించిన రంగు వైపు చూస్తూ నిలబడ్డాడు. తలుపు పైన ఒకచోట బ్రష్షు తగలకుండా పాత రంగు అలాగే మిగిలిపోయింది.

తర్వాత మందుల షాపాయన లేచి, సంఘం అధ్యక్షుడి విషయం ఎత్తాడు. ఎత్తి రంగులాయన వైపు చూశాడు. అందరూ చూశారు.

"లైబ్రరీ పంతులమ్మగారైతే బావుంటుంది," అన్నాడు రంగులాయన. గొంతు మైకు లేకుండా చిన్నగా వచ్చింది. "నాకు షాపుతోనే సరిపోతుంది."

"అయ్యో, అదేమిటండీ, మీరుంటారనుకున్నాం," అన్నాడు మందుల షాపాయన.

రెండోసారి ఎవరూ అనలేదు. పంతులమ్మ పేరు ఆ పూటకు ఆ పూటే ఖాయమైపోయింది. అంత త్వరగా ఖాయమవడం చూస్తే, ఆ పేరు ఎవరి మనసులోనో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టే ఉంది. అది అతనికి అర్థమైంది. ఒకసారి కళ్ళు తెరుచుకుంటే అర్థం కాని సంగతంటూ ఉండదు కాబోలు.

టీలు తాగి జనం వెళ్ళిపోతున్నారు. హాలు బయట తాత సైకిల్ స్టాండు తీస్తుంటే రంగులాయన గబగబా వెళ్ళి పట్టుకున్నాడు. తాత తన జ్ఞాపికను వెనక క్యారియరు మీద పెట్టి, రబ్బరు ట్యూబు ముక్కతో కట్టాడు. అక్షరాలున్న వైపు కిందికి పెట్టి కట్టాడు.

"తాతా," అన్నాడు రంగులాయన. "నన్ను క్షమించండి. నాకు నిజంగా..."

తాత చటుక్కున చుట్టూ చూశాడు. ప్రెస్సాయనా ఆయన భార్యా దగ్గర్లోనే చెప్పులు వేసుకుంటున్నారు.

"ఎందుకు బాబూ, కార్యక్రమం బ్రహ్మాండంగా చేశారు!" అన్నాడు తాత గట్టిగా. తర్వాత దగ్గరకు వంగి, గొంతు తగ్గించి అన్నాడు, "ఆ మాట ఇంకెప్పుడూ అనకండి. మీరు క్షమించమంటే దేనికో నేను ఒప్పుకోవాలి. నా కొడుకులకే నేను చెప్పలేదు."

సైకిల్ ఎక్కి, తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

రంగులాయన అక్కడే నిలబడ్డాడు. లోపల మైకువాడు వైర్లు చుడుతున్నాడు. ఇప్పటిదాకా ఏ తప్పు చేసినా నలుగురిలో పడి చెప్పుకుని, నవ్వించి, దులుపుకునేవాడు. ఈ తప్పుకు అలాంటి దారి లేదు. ఎవరితోనూ చెప్పుకోవడానికి లేదు, ఎవరూ తిట్టరు, ఎవరూ వదిలిపెట్టరు. రేపు షాపు తెరుస్తాడు, వీళ్ళంతా వస్తారు, రంగులు కొంటారు, నవ్వుతూ మాట్లాడతారు. ఆ నవ్వుల్లోనే బతకాలి.

అత్తగారిని ఆటోలో పంపి, భార్యతో కలిసి నడిచి బయల్దేరాడు. కిందటేడు రోడ్డు దాటిన కథను ఆమెకు ఎన్నిసార్లు చెప్పాడో గుర్తొచ్చింది. అన్నం తింటూ చెప్పాడు. చుట్టాల ముందు చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆమెకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది, లేచి వెళ్ళిపోయేది. అప్పట్లో అతను అది కూడా సిగ్గనుకున్నాడు, తండ్రిని పొగిడితే పడే ముద్దు సిగ్గు.

నీకు ముందే తెలుసా అని అడగాలని నోటి దాకా వచ్చింది.

"అమ్మకు మధ్యాహ్నం నుంచి తలనొప్పిగా ఉంది. రేపు వెళ్ళి చూసొస్తాను," అంది ఆమె.

"నేనూ వస్తాను," అన్నాడు అతను. అడగలేదు.